ప్రొఫెసర్ నుంచి ప్రెసిడెంట్ దాకా: అమెరికా వర్సిటీల్లో ఆ కుర్చీకి దారి ఎలా పడుతుంది?

2021 డిసెంబర్‌లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ తన 19వ ప్రెసిడెంట్‌గా నీలి బెండపూడిని ఎంచుకుంది. అందరం పెన్ స్టేట్ అని పిలిచే ఆ విశ్వవిద్యాలయం 1855లో పుట్టింది. అన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. శ్వేతజాతికి చెందని మొదటి వ్యక్తి కూడా ఆమే. విశాఖపట్నంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్‌లో డిగ్రీ, ఆ తర్వాత ఎంబీఏ చేసిన మనిషి కాబట్టి తెలుగువాళ్లు ఆ వార్తను సొంత ఇంటి శుభవార్తలా పంచుకున్నారు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ సందడిలో ఒక ప్రశ్న పక్కకు పోయింది. అసలు అక్కడ ప్రెసిడెంట్ అంటే ఏం చేస్తారు? మార్కెటింగ్ పాఠాలు చెప్పుకునే ఒక ప్రొఫెసర్ అక్కడిదాకా ఎలా వెళ్తారు?

‘మన వీసీ లాంటి ఉద్యోగమే’ అని చాలామంది సర్దేస్తారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలిస్తే అమెరికా విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తాయో అర్థమవుతుంది, మన విశ్వవిద్యాలయాల్లో ఏ మెట్టు విరిగిపోయి ఉందో కూడా కనిపిస్తుంది.

ముందు పదవుల పేర్ల దగ్గర ఉన్న చిక్కు తీసేద్దాం. మన రాష్ట్ర వర్సిటీల్లో ఛాన్సలర్ అంటే సాధారణంగా గవర్నర్. పని నడిపించేది వైస్ ఛాన్సలర్. అమెరికాలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. పెన్ స్టేట్‌లో పెద్దను ప్రెసిడెంట్ అంటారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో అదే పని చేసేవారిని ఛాన్సలర్ అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మొత్తం మీద ఒక ప్రెసిడెంట్, ఒక్కో క్యాంపస్‌కు ఒక ఛాన్సలర్ ఉంటారు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో రేణు ఖటోర్ 2008లో ప్రెసిడెంట్, ఛాన్సలర్ పదవులు రెండూ కలిపి చేపట్టారు. కాబట్టి తలుపు మీద పేరుపలక చూసి లాభం లేదు. ఆ మనిషి ఎవరికి జవాబు చెప్పాలో చూడాలి.

అమెరికాలో ప్రెసిడెంట్ జవాబు చెప్పేది ట్రస్టీల బోర్డుకు. నియమించేది వాళ్లే, జీతం తేల్చేది వాళ్లే, వద్దనుకుంటే పంపించేసేదీ వాళ్లే. పెన్ స్టేట్ బోర్డులో కొందరిని రాష్ట్ర గవర్నర్ నియమిస్తాడు, కొందరిని పూర్వ విద్యార్థులు ఓటేసి ఎన్నుకుంటారు, కొందరు వ్యాపార రంగం నుంచి వస్తారు. ఆరుగురిని జిల్లాల వ్యవసాయ సంఘాల ప్రతినిధులు ఎన్నుకుంటారు. రైతుల పిల్లల కోసం ఫార్మర్స్ హైస్కూల్‌గా మొదలైన సంస్థ కాబట్టి ఆ ఆనవాయితీ ఇంకా నిలిచి ఉంది. ఇంత రకరకాల మనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఎంచుకునే మనిషి కేవలం గొప్ప పండితుడైతే సరిపోదని ఇక్కడే తెలిసిపోతుంది. అలాగని పాండిత్యం అక్కర్లేదా అంటే, మామూలుగా అది లేనివారిని గుమ్మం లోపలికి కూడా రానివ్వరు.

మొదటి గండం: టెన్యూర్

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. పీహెచ్‌డీ అయ్యాక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇంట్లో స్వీట్లు పంచుతారు కానీ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఆరో ఏడు వచ్చేసరికి ఆ మనిషి చేసిన పనంతా ఒక ఫైలుగా కట్టి పెట్టాలి. రాసిన పరిశోధనా పత్రాలు, చెప్పిన పాఠాల మీద విద్యార్థుల అభిప్రాయాలు, కమిటీల్లో చేసిన పని, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఫైలును వేరే విశ్వవిద్యాలయాల్లోని పేరున్న ప్రొఫెసర్లకు పంపి, ‘ఈ మనిషి పనికి మీ రంగంలో విలువ ఉందా?’ అని ఉత్తరాలు రాయించుకుంటారు. తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఓటు, కాలేజీ కమిటీలో ఓటు, డీన్ అభిప్రాయం, డీన్లందరికీ పైనుండే ప్రొవోస్ట్ అభిప్రాయం. ఇవన్నీ దాటితే అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, దాంతోపాటు టెన్యూర్ వస్తాయి. అంటే సరైన కారణం చూపించి, విచారణ జరిపితే తప్ప ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు. దాటకపోతే మామూలుగా ఇంకో ఏడాది గడువిచ్చి సాగనంపుతారు. అదే కుర్చీలో అలాగే కొనసాగనిచ్చే ఏర్పాటు ఉండదు.

ఈ పద్ధతికి చరిత్ర ఉంది. డబ్బిచ్చిన ధనవంతులకో, బోర్డు సభ్యులకో నచ్చని మాట అన్నందుకు ప్రొఫెసర్ల ఉద్యోగాలు పోయిన రోజులున్నాయి. ఆ అనుభవంతోనే అమెరికా ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కలిసి 1940లో ఒక ప్రకటన చేశాయి. పరీక్షా కాలం ఏడేళ్లు మించకూడదని, ఆ తర్వాత ఉద్యోగ భద్రత ఇవ్వాలని అందులో ఉంది. నచ్చని నిజం చెప్పినా ఉద్యోగం పోదన్న ధైర్యం కోసమే టెన్యూర్.

ప్రెసిడెంట్ కావాలనుకునే వాళ్లకు ఈ గండం దాటడం ఎందుకంత ముఖ్యం? దాటనివారి మాట ప్రొఫెసర్లు లెక్కచేయరు. వాళ్లు తమను తాము ఒకరి కింద పనిచేసే ఉద్యోగులుగా చూసుకోరు, విశ్వవిద్యాలయానికి వాటాదారులుగా చూసుకుంటారు. ‘మాలాగే ఆరేళ్లు నిద్ర మానుకుని పేపర్లు రాసి, వాటిని తూకం వేసే రెఫరీల చేత తిట్లు తిని పైకొచ్చిన మనిషి’ అనే నమ్మకం ఉంటే బడ్జెట్ కోతను కూడా నోరు నొక్కుకుని భరిస్తారు. అది లేకపోతే చిన్న మార్పుకు కూడా అవిశ్వాస తీర్మానం పెడతారు.

బెండపూడి ఈ దారిలోనే నడిచారు. ఆమె చిన్నప్పుడే తండ్రి పై చదువుకు కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1986లో ఆమె అమెరికా చేరి అదే కాన్సాస్‌లో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. టెక్సస్ ఏ అండ్ ఎంలో కొంతకాలం, ఆ తర్వాత ఒహాయో స్టేట్‌లో చాలాకాలం పాఠాలు చెప్పారు.

ఆమె పరిశోధన ఏమిటన్నది వార్తల్లో దాదాపు ఎక్కడా రాలేదు. నాకైతే ఆమె జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే భాగం అదే. సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే మార్కెటింగ్ కాదు ఆమె రంగం, సేవల మార్కెటింగ్. కొన్నాక చేతిలో ఏమీ మిగలని వాటిని మనం ఏ నమ్మకంతో కొంటాం? ఒక డాక్టరు దగ్గరికో, ఒక బ్యాంకుకో ఏళ్ల తరబడి ఎందుకు వెళ్తూ ఉంటాం? ఇష్టపడి వెళ్తున్నామా, మానేసే దారి లేక వెళ్తున్నామా? 1997లో లెనార్డ్ బెర్రీ అనే మరో ప్రొఫెసర్‌తో కలిసి ఆమె రాసిన పత్రం ఈ తేడా గురించే. సేవ తయారు కావడంలో వినియోగదారుడు కూడా ఒక చెయ్యి వేస్తే, ఫలితం బాగున్నప్పుడు ఆ మెప్పు ఎవరి ఖాతాలో వేసుకుంటాడని అడుగుతుంది 2003 నాటి ఇంకో పత్రం.

తర్వాత మేయో క్లినిక్ మీద చేసిన పని ఉంది. ఆరిజోనా, మిన్నెసోటాల్లోని మేయో ఆసుపత్రుల్లో 14 విభాగాల్లో చికిత్స పొందిన 192 మంది రోగులతో పరిశోధకులు ఫోన్లో మాట్లాడారు. మీకు బాగా నచ్చిన డాక్టరు ఎలా ప్రవర్తించాడు, అస్సలు నచ్చని డాక్టరు ఎలా ప్రవర్తించాడు అని అడిగారు. ఆ జవాబుల్లోంచి మంచి డాక్టరుకు ఏడు గుణాలు తేలాయి: ఆత్మవిశ్వాసం, ఎదుటివారి బాధ తెలుసుకోవడం, దయ, రోగిని కేసులా కాక మనిషిలా చూడటం, ఉన్నదున్నట్టు చెప్పడం, మర్యాద, ఏదీ వదలకుండా చూడటం. 2006లో అచ్చయిన ఈ పత్రంలో మొదటి పేరు ఆమెదే. మన ఊళ్లో ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగి బంధువును అడిగినా ఈ ఏడూ తమ మాటల్లో చెప్పేస్తారు. దాన్ని పద్ధతిగా అడిగి, వడగట్టి, డాక్టర్లు కాదనలేని రూపంలో వాళ్ల సొంత పత్రికలోనే పెట్టడం పరిశోధకుల పని. ఈ మేయో సంగతి గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

ప్రొఫెసర్ గది వదిలాక

పూర్తి స్థాయి ప్రొఫెసర్ అయ్యాక ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోవడం ఓటమేం కాదు. ల్యాబ్, విద్యార్థులు, పుస్తకాలు, వేసవి సెలవులు ఉంటాయి. అంతకన్నా మంచి బతుకు ఏముంటుందని అడిగేవాళ్లు చాలామంది. కొద్దిమంది మాత్రం డిపార్ట్‌మెంట్ పెద్దగానో, ఒక పరిశోధనా కేంద్రం డైరెక్టర్‌గానో బాధ్యత నెత్తికెత్తుకుంటారు. అక్కడి నుంచి దారి మలుపు తిరుగుతుంది. పైకి ఎక్కే ప్రతి మెట్టూ పరిశోధనకు కొంచెం దూరం చేస్తుంది, డబ్బు లెక్కలకు, మనుషుల గొడవలకు కొంచెం దగ్గర చేస్తుంది.

బెండపూడి మధ్యలో ఒక పక్కదారి కూడా తొక్కారు. ఒహాయోలోని హంటింగ్టన్ నేషనల్ బ్యాంకులో కొంతకాలం ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్‌గా, కస్టమర్ల వ్యవహారాలకు అధిపతిగా పనిచేసి మళ్లీ క్లాసురూముకు వచ్చారు. బిజినెస్ స్కూల్ వాళ్లకు ఇలాంటి వెసులుబాటు ఉంటుంది. చరిత్రో భాషాశాస్త్రమో చెప్పే ప్రొఫెసర్‌కు అలాంటి కిటికీ తెరుచుకోదు. ప్రెసిడెంట్లను వెతికేటప్పుడు బోర్డులకు బయటి అనుభవం ఉన్నవారి మీద కన్ను పడుతుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. మానవీయ శాస్త్రాల వాళ్లకు ఈ దారి మొదటి నుంచీ కొంచెం ఇరుకే.

2011లో ఆమె తాను పీహెచ్‌డీ చేసిన కాన్సాస్‌కే బిజినెస్ స్కూల్ డీన్‌గా వెళ్లారు. డీన్ ఉద్యోగాన్ని మన దగ్గర ఒక గౌరవ హోదాగా చూస్తాం. అక్కడ అది చిన్న సామ్రాజ్యం. సొంత బడ్జెట్, ఎవరిని తీసుకోవాలో తేల్చే అధికారం, విరాళాలు తెచ్చే బాధ్యత, అన్నీ డీన్ నెత్తి మీదే. పూర్వ విద్యార్థుల ఇళ్లకు, ఆఫీసులకు వెళ్లి, ‘మీ పేరు మీద ఒక స్కాలర్‌షిప్ పెడదామా, ఒక హాలు కడదామా’ అని మొహమాటం లేకుండా అడగగలగాలి. పాఠం చెప్పడంలో ఎంత దిట్ట అయినా డబ్బు అడగడం చేతకాక డీన్ దశలోనే ఆగిపోయినవాళ్లు ఎందరో. కాన్సాస్ బిజినెస్ స్కూల్‌కు క్యాపిటల్ ఫెడరల్ హాల్ అనే కొత్త భవనం 2016లో తెరుచుకుంది. స్థానికంగా ఉన్న ఒక బ్యాంకు ఫౌండేషన్ ఇచ్చిన పెద్ద విరాళంతో ఆ పేరు వచ్చింది.

అదే ఏడాది ఆమె కాన్సాస్ ప్రొవోస్ట్ అయ్యారు. మన దగ్గర ఈ పదవికి సరైన జోడీ లేదు. అకడమిక్ వ్యవహారాలన్నిటికీ పెద్ద ప్రొవోస్ట్. డీన్లందరూ ఆ మనిషి కిందే. ఏ కోర్సు పెట్టాలి, ఏది మూసేయాలి, టెన్యూర్ ఎవరికి, కోత ఏ కాలేజీకి ఎంత అన్నవన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ప్రెసిడెంట్ బయట తిరుగుతుంటే ఇల్లు దిద్దుకునేది ప్రొవోస్ట్. అందరికీ ‘లేదు’ అని చెప్పాల్సిన కుర్చీ కాబట్టి అక్కడ స్నేహితులు మిగలరు. అయినా ప్రెసిడెంట్ పదవికి అన్నిటికన్నా నమ్మకమైన మెట్టు ఇదే. ఒక సంస్థ మొత్తం ఎలా శ్వాసిస్తుందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

ఎంపిక సంగతి త్వరగా చెప్పుకుందాం. బోర్డు ఒక కమిటీ వేస్తుంది. అందులో ట్రస్టీలతో పాటు ప్రొఫెసర్లు, విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఉంటారు. అభ్యర్థులను వెతకడానికి దీనికోసమే ఉన్న కన్సల్టింగ్ కంపెనీని పెట్టుకుంటారు. ఒకప్పుడు చివరి ముగ్గురు నలుగురు క్యాంపస్‌కు వచ్చి అందరి ముందూ మాట్లాడేవారు. ఇప్పుడు చాలాచోట్ల అంతా గుట్టుగా జరిగి చివరికి ఒక్క పేరు బయటికి వస్తుంది. పేరు బయటపడితే ఉన్న ఉద్యోగంలో ఇబ్బంది అని అభ్యర్థుల భయం, గుట్టుగా చేస్తే మంచివాళ్లు వస్తారని బోర్డుల వాదన. పన్నుల డబ్బుతో నడిచే సంస్థలో ఇంత రహస్యం నాకు సమంజసంగా తోచదు. క్యాంపస్ ముందు ఒక్కసారైనా నిలబడి ప్రశ్నలు ఎదుర్కోని మనిషిని ప్రొఫెసర్లు తమవాళ్లని ఎలా అనుకుంటారు?

కుర్చీలో కూర్చున్నాక

2018 మేలో బెండపూడి కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంట్ అయ్యారు. ఆమె చేతికి వచ్చిన ఇల్లు చక్కగా సర్దిన ఇల్లు కాదు. 2016లో రాష్ట్ర గవర్నర్ మొత్తం ట్రస్టీల బోర్డునే రద్దు చేశారు. రాజకీయ జోక్యం మితిమీరిందని విశ్వవిద్యాలయాలకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఆ ఏడాది చివర్లో లూయివిల్‌ను ప్రొబేషన్‌లో, అంటే గట్టి హెచ్చరిక కింద, పెట్టింది, ఏడాది తర్వాత గానీ ఎత్తేయలేదు. ఇంకోపక్క బాస్కెట్‌బాల్ కుంభకోణాలు. 2013లో గెలిచిన జాతీయ టైటిల్‌ను 2018 ఫిబ్రవరిలో వెనక్కి లాక్కున్నారు.

ఆమె చేరి రెండు నెలలైందో లేదో అసలు పరీక్ష వచ్చింది. ఫుట్‌బాల్ స్టేడియం పేరు పాపా జాన్స్ కార్డినల్ స్టేడియం. పాపా జాన్స్ పిజ్జా కంపెనీ స్థాపించిన జాన్ ష్నాటర్ విశ్వవిద్యాలయానికి పెద్ద దాత, పైగా ట్రస్టీల బోర్డు సభ్యుడు. ఒక కాన్ఫరెన్స్ కాల్‌లో ఆయన నల్లజాతివారిని కించపరిచే మాట వాడారని 2018 జూలై 11న బయటపడింది. ఆ రోజే బోర్డు నుంచి తప్పుకున్నారు. రెండు రోజులకు, 13న, స్టేడియం పేరులోంచి పాపా జాన్స్ తీసేస్తున్నామని, బిజినెస్ కాలేజీలోని కేంద్రానికున్న ఆయన పేరు కూడా తొలగిస్తున్నామని బెండపూడి ప్రకటించారు.

ఈ రెండు రోజులను కొంచెం దగ్గర నుంచి చూడండి. డబ్బిచ్చినవాడు, తనను నియమించిన బోర్డులో నిన్నటిదాకా కూర్చున్నవాడు, స్టేడియం పేరు మీద ఏళ్ల తరబడి ఒప్పందం ఉన్నవాడు ఒక పక్క. నల్లజాతి విద్యార్థులు, ఆ స్టేడియంలో ఆడే కుర్రాళ్లు ఇంకో పక్క. లాయర్లు ‘ఆగండి’ అంటారు, క్రీడా విభాగం ‘డబ్బు’ అంటుంది, విద్యార్థులు ‘ఇంకా ఎంతసేపు’ అంటారు. ఇలాంటి చోట నలభై పేపర్లు రాసిన పాండిత్యం నేరుగా పనికిరాదు. డీన్‌గా దాతల ముందు కూర్చున్న అనుభవం, ప్రొవోస్ట్‌గా ‘లేదు’ అని చెప్పి నిలబడిన అనుభవం పనికొస్తాయి. ప్రెసిడెంట్ కుర్చీ దాకా తీసుకెళ్లేది చదువే. ఆ కుర్చీలో నిలబెట్టేది మాత్రం మధ్య మెట్ల మీద నేర్చుకున్న ఈ విద్య.

అలాగని చదువు ఊరికే పోలేదు. మరుసటి ఏడాది లూయివిల్‌లోని జూయిష్ హాస్పిటల్, దాని అనుబంధ కేంద్రాలు మూతపడే స్థితికి వచ్చాయి. విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులు నేర్చుకునేది అక్కడే. రాష్ట్రం 3.5 కోట్ల డాలర్ల రుణం ఇవ్వడానికి ఒప్పుకోగా, 2019 నవంబర్ 1న విశ్వవిద్యాలయం ఆ ఆసుపత్రులను తన చేతిలోకి తీసుకుంది. రోగికి ఏం కావాలో 192 మందిని అడిగి తెలుసుకున్న పరిశోధకురాలి చేతిలోకి ఆసుపత్రులే వచ్చాయి. ఆ పాత పేపరు చూసి కొన్నారని నేను అనను. కానీ ఒక ఆసుపత్రి ఎలా నడుస్తుందో, ఎక్కడ మనుషుల నమ్మకం పోతుందో ఏళ్ల తరబడి ఆలోచించిన బుర్రకు, లెక్కల పుస్తకం మాత్రమే తెలిసిన బుర్రకు తేడా ఉంటుంది కదా.

పెన్ స్టేట్‌లో కథ వేరు. 2022 మేలో ఆమె బాధ్యతలు తీసుకునేటప్పటికి బడ్జెట్‌లో సుమారు 14 కోట్ల డాలర్ల లోటు ఉంది. కొత్త నియామకాలు ఆపేశారు, ఖర్చులు కోశారు. జాతి వివక్ష మీద పనిచేయడానికి ముందున్న ప్రెసిడెంట్ హయాంలో ప్రకటించిన కేంద్రాన్ని 2022 అక్టోబర్‌లో విరమించుకోవడం మీద ప్రొఫెసర్ల నుంచి గట్టి విమర్శలు వచ్చాయి. స్టేడియం పేరు తీసేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలాంటి వాళ్లే ఇక్కడ ముఖం తిప్పుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం 2025 మే 22న జరిగింది. పెన్ స్టేట్‌కు రాష్ట్రమంతా చిన్న చిన్న క్యాంపస్‌లు ఉన్నాయి. ఇంటికి దగ్గరలో, తక్కువ ఖర్చుతో డిగ్రీ మొదలుపెట్టడానికి పల్లెల పిల్లలకు అవే ఆధారం. విద్యార్థుల సంఖ్య ఏటికేడు పడిపోతోందని, వాటిలో ఏడింటిని 2027 వసంత సెమిస్టర్ తర్వాత మూసేయాలని ఆమె బృందం ప్రతిపాదించింది. బోర్డు 25–8 ఓట్లతో ఒప్పుకుంది. డుబోయిస్, ఫయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బారె, యార్క్. ఆ ఊళ్లలో క్యాంపస్ అంటే చదువు ఒక్కటే కాదు, ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, టిఫిన్ సెంటర్లు అన్నీ దానిమీదే. ఉన్న డబ్బు, ఉన్న పిల్లలు చూస్తే మూసివేత తప్పదన్న లెక్కను కాదనడం కష్టం. ఇంటి పక్క కాలేజీ పోతే చదువే మానేసే పిల్లలు ఉంటారన్న బాధ కూడా అంతే నిజం. ఆ రెండిటినీ ఒకేసారి మోయాల్సిన ఉద్యోగం ఇది.

జీతం గురించి అడిగేవాళ్ల కోసం: పెన్ స్టేట్‌లో ఆమె మూల వేతనం ఏడాదికి 9.5 లక్షల డాలర్లుగా నిర్ణయించారు. అదే 2021లో పెన్ స్టేట్ ఫుట్‌బాల్ కోచ్‌తో పదేళ్లకు కనీసం 7.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అమెరికా విశ్వవిద్యాలయంలో క్రీడలకున్న బలం ఏ స్థాయిదో ఈ రెండు అంకెలు చూస్తే చాలు. ఆ బలం ప్రెసిడెంట్లను కూడా బలి తీసుకుంటుంది. 2011లో ఇదే పెన్ స్టేట్‌లో ఒక మాజీ అసిస్టెంట్ కోచ్ పిల్లల మీద చేసిన అఘాయిత్యాలు బయటపడ్డప్పుడు ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్ పదవి పోయింది. తర్వాత కోర్టులో శిక్ష కూడా పడింది.

ఇలాంటి కుర్చీలో ఎక్కువకాలం ఎవరూ ఉండలేకపోతున్నారు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2023లో ఇచ్చిన సర్వే ప్రకారం, పదవిలో ఉన్న ప్రెసిడెంట్లు ఆ కుర్చీలో గడిపిన కాలం సగటున 5.9 ఏళ్లు. 2006లో అది 8.5. హార్వర్డ్‌లో చార్లెస్ ఇలియట్ 1869 నుంచి 1909 దాకా 40 ఏళ్లు ఉన్నారు. అదే హార్వర్డ్‌లో క్లాడీన్ గే 2024 జనవరిలో ఆరు నెలలకే రాజీనామా చేశారు.

పండితుడు కానివాడిని కూర్చోబెడితే ఏమవుతుందో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ చూసింది. క్రీడాకారిణుల మీద ఒక డాక్టర్ చేసిన లైంగిక దాడుల కేసుల మధ్య, 2018లో ఆ రాష్ట్ర మాజీ గవర్నర్ జాన్ ఎంగ్లర్‌ను తాత్కాలిక ప్రెసిడెంట్‌గా తెచ్చారు. బాధితుల గురించి ఆయన అన్న మాటలతో గొడవ ముదిరి, 2019 జనవరిలో తప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు కొన్ని నెలలపాటు ఆ కుర్చీని చూసుకున్నది సతీశ్ ఉడుప. హైదరాబాద్ జేఎన్‌టీయూలో బీటెక్ చేసి, లోహాలను పగలగొట్టకుండానే లోపలి పగుళ్లు కనిపెట్టే విద్యలో నిపుణుడై, ఇంజినీరింగ్ డీన్‌గా పనిచేసిన మనిషి. బోర్డు ఆయన్ను బయటి నుంచి తేలేదు, ఆ ప్రాంగణంలోనే మెట్టు మెట్టుగా ఎదిగిన ప్రొఫెసర్‌ను పిలిచింది.

మన వీసీల సంగతి

మన దగ్గర యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలో గానీ కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. సెర్చ్ కమిటీ కొన్ని పేర్లు ఇస్తుంది, వాటిలోంచి ఒకరిని నియమిస్తారు. తెలుగు రాష్ట్రాల వర్సిటీల్లో పదవీకాలం మూడేళ్లు. కాగితం మీద అర్హత గట్టిదే. లోపం ఆ పదేళ్లలో ఏం నేర్పుతున్నామన్న దగ్గర ఉంది. మన డీన్ చేతిలో చెప్పుకోదగ్గ బడ్జెట్ ఉండదు, నియామకాల మీద మాట చెల్లదు, దాతను కలిసే అవసరం రాదు. ప్రొవోస్ట్ లాంటి మెట్టే లేదు. నిన్నటిదాకా క్లాసు, థీసిస్, వైవా చూసుకున్న ప్రొఫెసర్ ఒక్క ఉత్తర్వుతో వందల కోట్ల బడ్జెట్, కోర్టు కేసులు, ఖాళీ పోస్టులు, హాస్టల్ గొడవల మధ్య పడతారు. పని అర్థమయ్యేసరికి మూడేళ్లలో సగం అయిపోతుంది. 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా పరిశ్రమల నుంచి, ప్రభుత్వ పాలన నుంచి వచ్చేవారికి కూడా వీసీ పదవి తలుపు తీయాలని ప్రతిపాదించింది. నా ఉద్దేశంలో జబ్బు అక్కడ లేదు. బయటివారిని తేవడం కన్నా, లోపలివారికి మధ్య మెట్లు కట్టడం అవసరం. డీన్‌కు నిజమైన బడ్జెట్ ఇవ్వండి, తప్పు చేస్తే అక్కడే నిలదీయండి. అప్పుడు వీసీ కావాల్సినవారు ఎవరో అందరికీ కనిపిస్తుంది.

ఈ నేలకు మంచి ఆనవాయితీ లేదని కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు. 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు, మైసూరు, కలకత్తాల్లో తత్వశాస్త్రం చెప్పి వచ్చినవారు. వాల్తేరుకు దేశం నలుమూలల నుంచి యువ పండితులు వచ్చింది ఆయన హయాంలోనే. హుమాయున్ కబీర్ వచ్చారు, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. 1936లో రాధాకృష్ణన్ వెళ్లాక మళ్లీ కట్టమంచి వచ్చి 1949 దాకా ఉన్నారు. ఒక మనిషికి పని చేయడానికి కావలసినంత కాలం దొరికిన రోజులవి.

పదవి దిగాక ఏమవుతుందన్నది చివరి ముడి. అమెరికాలో ప్రెసిడెంట్ పదవితో పాటు సాధారణంగా ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌లో టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్ హోదా కూడా రాసిస్తారు. బెండపూడికి పెన్ స్టేట్‌లో మార్కెటింగ్ ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. బోర్డు ప్రెసిడెంట్ పదవి తీసేయగలదు, ప్రొఫెసర్‌గిరీ అంత తేలిగ్గా తీసేయలేదు. ఇది వాళ్లకు ధైర్యం. కానీ ఆ ప్రొఫెసర్‌గిరీ మీద నీడ పడితే పై కుర్చీ కూడా కూలుతుంది. స్టాన్‌ఫర్డ్ ప్రెసిడెంట్ మార్క్ టెసియర్-లవీన్ పేరున్న నాడీశాస్త్రవేత్త. ఏళ్ల కిందటి ఆయన పరిశోధనా పత్రాల్లోని చిత్రాలు మార్చినట్టున్నాయని విద్యార్థులు నడిపే పత్రికలో ఒక మొదటి సంవత్సరం కుర్రాడు రాశాడు. విచారణ జరిపిన నిపుణులు ఆయన స్వయంగా మోసం చేయలేదని తేల్చారు, కానీ తన ల్యాబ్ నుంచి వచ్చిన తప్పులను సకాలంలో సరిదిద్దలేదన్నారు. 2023 జూలైలో ఆయన రాజీనామా ప్రకటించారు. ప్రెసిడెంట్ పదవి పోయింది, జీవశాస్త్ర ప్రొఫెసర్‌గా స్టాన్‌ఫర్డ్‌లోనే ఉంటానని ఆ ప్రకటనలోనే చెప్పారు.